మీల్ మేకర్ తునకలు: ఎండబెట్టడం మనకొచ్చు, ఆపడమే రాదు

స్వామీ, మాలలో ఉన్నారు కాబట్టి తమ్ముడూ అనకుండా స్వామీ అనే పిలుస్తా, ఏమనుకోవద్దు. మీరడిగింది నాకర్థమైనంతలో ఇదీ: కావలిలో ఉంటారు, కార్తీకం మొదలైన కాడ్నుంచి ఇంట్లో నీసు లేదు, కానీ నోటికి ఉప్పగా కారంగా గట్టిగా ఏదో ఒకటి నమలాలనుంది, మీ నాయనమ్మ చేసే ఉప్పుకండ గుర్తొస్తోంది, యాడో వీడియోలో ప్లాంట్ బేస్డ్ జెర్కీ (మాంసం లేకుండా చేసే ఎండు తునకలు) అని చూసి మీల్ మేకర్ తెచ్చి సోయా సాస్‌లో నానేసి మొదటిసారి ఓటీజీలో, అదే చిన్న కరెంటు ఓవెన్లో, 150 డిగ్రీల మీద పెడితే రాళ్ళయిపోయినాయి, రెండోసారి మిద్దె మీద రెండ్రోజులు ఎండేసి డబ్బాలో పోస్తే నాలుగో రోజుకి తెల్లగా బూజు పట్టింది. ఇప్పుడు డీహైడ్రేటర్ (ఎండబెట్టే మిషను) కొనాలా, పనసకాయతో చేస్తే బాగుంటదా, శబరిమల పోయేటప్పుడు రైల్లో తినడానికి తీసుకుపోవచ్చా, ఇవీ మీ ప్రశ్నలు.

డీహైడ్రేటర్ ఇప్పుడే వద్దు. పనస అసలే వద్దు. రైల్లోకి తీసుకుపోవచ్చు. కానీ అన్నిటికంటే ముందు ఒక డిజిటల్ కాటా కొనండి, వంటింట్లో పెట్టుకునే చిన్నది, గ్రాముల్లో చూపించేది. అది లేకుండా ఇది చెయ్యొద్దు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతది, ఓపిక చేసుకోండి.

నేను పుట్టింది కనిగిరి వైపు, మెట్టింది నెల్లూరు పక్కన మైపాడు రోడ్డులో. మా అమ్మ ఎండాకాలం ఉప్పుకండ వేసేది, పొట్టేలు మాంసాన్ని వేలెడు పొడుగు పట్టీలుగా కోసి ఉప్పు, పసుపు, కారం పట్టించి దారానికి గుచ్చి దండెం మీద వేలాడదీసేది, రెండ్రోజుల్లో చెక్కలాగా అయ్యేది, కుండలో పెడితే వానాకాలం దాకా ఉండేది. పెళ్ళయినాక మొదటి వేసవిలో అదే పని ఇక్కడ చేస్తే రెండో రోజు సాయంత్రానికి వాసనొచ్చింది, కుక్కకి వెయ్యడానికి కూడా భయమేసింది. మా అత్త నవ్వి ఒక మాటంది, మీ ఊరి ఎండ వేరమ్మే, ఇక్కడి ఎండలో సగం సముద్రం ఉంటది అని. మీ రెండోసారి బూజు ఎందుకొచ్చిందో ఆ మాటలోనే సగం జవాబుంది. తర్వాత మా ఆయనకి స్టెంట్ వేసినాక ఇంట్లో మాంసం దాదాపు మానేశాం, అప్పట్నుంచి ఈ మీల్ మేకర్ తునకలు చేస్తా ఉన్నా, పదకొండేళ్ళయింది, మొదటి రెండు మూడేళ్ళు మీలాగే ఒకసారి రాళ్ళు, ఒకసారి బూజు.

అసలు తిరకాసు యాడుందంటే, ఎండబెట్టడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. వంకాయ వరుగు, గోరుచిక్కుడు వరుగు, మామిడి వరుగు, ఊరమిరపకాయలు, వడియాలు, ఎండు చేపలు, ఎండు రొయ్యలు, మనం ఎండెయ్యని వస్తువు లేదు. కానీ ఇవన్నీ పూర్తిగా ఎండేవి, విరిస్తే టప్పుమనాలి, తర్వాత నూనెలో వేయించో నీళ్ళలో నానేసో తింటాం. జెర్కీ అట్టా కాదు, డబ్బాలోంచి తీసి అట్టానే నోట్లో వేసుకుని నమలాలి, అంటే లోపల కొంచెం చెమ్మ మిగలాలి, ఐదో వంతు దాకా నీళ్ళుండాలి. దాన్ని మించి నీళ్ళుంటే బూజు, తగ్గితే రాయి. మనకి ఎండబెట్టడం వచ్చుగానీ మధ్యలో ఆపడం రాదు, ఎందుకంటే ఎప్పుడూ ఆపే పని పడలేదు. చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తదిలే అనుకుంటాం, వరుగుకైతే తెలుస్తది, దీనికి తెలియదు, అందుకే కాటా.

(జెర్కీ అనే మాట ఆండీస్ కొండల కెచువా భాషలో చార్కి అనే మాట నుంచి వచ్చింది, ఎండిన మాంసమని అర్థం, అక్కడ లామా మాంసాన్ని పగటి ఎండకి, రాత్రి గడ్డకట్టే చలికి వదిలేసి ఎండబెట్టేవాళ్ళు. మనకి ఆ చలి యాడిది, ఉన్నదల్లా ఉక్క.)

మీవి రాళ్ళెందుకయినాయంటే 150 అనేది కేకు ఉడికే వేడి, ఎండబెట్టే వేడి కాదు. పైన తొందరగా ఎండి తొక్కలాగా బిగుసుకుంటది, లోపలి తడికి బయటికొచ్చే దారి మూసుకుపోతది, ఇంకా తడిగానే ఉందని మీరు ఇంకో అరగంట పెడతారు, అప్పుడు మొత్తం మాడి రాయవుతది. రెండోసారి బూజొచ్చింది కూడా ఇంచుమించు అదే తప్పు వల్ల, గుండ్రటి ముక్కల్ని అట్టానే ఎండేశారు, మధ్యాహ్నం ఎండకి పైన గరగరలాడింది, లోపల స్పాంజి తడిగానే ఉంది, పైగా వేడి మీదే డబ్బాలో పోసి మూత పెట్టినట్టున్నారు, ఆవిరి మూతకి పట్టి కిందకి కారి ఉంటది. పైన ఎండింది చూసి మోసపోవడం అందరికీ జరిగేదే.

ఇంక దేంతో చెయ్యాలనేది. పనసకాయ వీడియోల్లో చూడటానికి అచ్చం మాంసం పీచులాగుంటది, నిజమే, కానీ అందులో ఉండేది పీచే, 100 గ్రాముల్లో ప్రోటీన్ రెండు మూడు గ్రాములకి మించదు, ఎండినాక తోలు నమిలినట్టుంటది. పైగా లేత పనస మన వైపు దొరికేదే తక్కువ, గోదావరి జిల్లాల వాళ్ళు పొట్టు కూర వండుకోవడానికి అది బాగుంటది, వదిలెయ్యండి. పుట్టగొడుగులు రుచిలో అన్నిటికంటే మేలు, ముఖ్యంగా పాల పుట్టగొడుగులు, తెల్లగా లావు కాడతో ఉంటాయి చూడండి, మన ఎండలకి తట్టుకుని 30-35 డిగ్రీల్లో కూడా పెరిగే రకం అది, ఆ కాడని నిలువుగా చీలిస్తే మంచి పీచులొస్తాయి. కానీ పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే, కిలో కొంటే చివరికి గుప్పెడు మిగులుతది, మసాలాతో కలిపి 150 గ్రాములు వస్తే గొప్ప. చుట్టాలొచ్చినప్పుడు చేస్తాగానీ రోజూ తినడానికి కుదరదు. చేస్తే మాత్రం పచ్చివి ఎండెయ్యొద్దు, ఐదు నిమిషాలు ఆవిరి పట్టి తర్వాత మసాలాలో వెయ్యండి.

గోధుమ జిగురుతో కూడా చేస్తారు, దాన్ని సెయిటాన్ అంటారు, చైనాలో బౌద్ధ సన్యాసులు మాంసం బదులు ఎప్పట్నుంచో వండుకునేది ఇదే. గోధుమ పాల హల్వా చేసే ఇళ్ళలో ఇది తెలియకుండానే తయారవుతది, పిండి ముద్దని నీళ్ళలో పిసికి పిసికి పాలు తీసినాక చివర్లో బబుల్ గమ్ లాంటి ముద్ద మిగులుతది గదా, పారేస్తాం గదా, అదే. కిలో మైదాకి 250 నుంచి 300 గ్రాముల దాకా తడి జిగురొస్తది. మసాలా కలిపి గుడ్డలో గట్టిగా చుట్టి ముప్పావు గంట ఆవిరి మీద ఉడికించి చల్లారినాక సన్నగా కోసి ఎండేస్తే మాంసానికి చాలా దగ్గరగా ఉంటది. కానీ చెయ్యి నొప్పులు, నీళ్ళ ఖర్చు, మొదటిసారికి వద్దు. గోధుమ పడని వాళ్ళకి అస్సలు పెట్టొద్దు.

కాబట్టి మీరనుకున్న మీల్ మేకరే సరైంది. నూనె తీసేసిన సోయా పిండిని మిషన్లో వేడితో ఒత్తిడితో పొంగించి చేస్తారు కాబట్టి లోపల పొరలు పొరలుగా ఉంటది, 100 గ్రాముల పొడి ముక్కల్లో 50 గ్రాముల పైనే ప్రోటీన్. చిన్న గోళీల్లాంటివి వద్దు, పెద్ద సైజువి తెచ్చుకోండి.

200 గ్రాములకి చెప్తా, తక్కువలో నేర్చుకోండి. గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి చెంచా ఉప్పేసి మీల్ మేకర్ పోసి ఐదు నిమిషాలు ఉడికించి, స్టవ్ ఆపి ఇంకో పది నిమిషాలు మూతపెట్టండి. నురగొస్తది, పచ్చి సోయా వాసనొస్తది, ఆ నీళ్ళు పారబొయ్యాలి, కొంతమంది ప్రోటీన్ పోతదని అదే నీళ్ళు వాడతారు, ఆ కంపంతా అందులోనే ఉంటది స్వామీ. చన్నీళ్ళు పోసి పిండి, మళ్ళీ పోసి పిండి, మూడోసారికి నీళ్ళు తేటగా వస్తాయి. అప్పుడు రెండు అరచేతుల మధ్య పెట్టి కసిగా పిండండి, దయ చూపించొద్దు. ఇక్కడ పిండింది ఎంతైతే అంత మసాలా లోపలికి పోతది, స్పాంజి సూత్రమే. పిండినాక తూచితే 500 గ్రాముల దగ్గర ఉండాలి, 600 ఉందంటే మీరు సరిగ్గా పిండలేదు.

ఇప్పుడు ముఖ్యమైన పని, దీన్ని ఏ వీడియోలోనూ నేను చూడలేదు. పిండిన ముక్కల్ని చపాతీ పీట మీద పెట్టి చపాతీ కర్రతో ఒత్తి చదును చెయ్యండి, అప్పచ్చిలాగా పావు అంగుళం మందానికి రావాలి, పెద్దవైతే ముందు నిలువుగా రెండుగా కొయ్యండి. కొన్ని అంచుల్లో చీలతాయి, చీలనివ్వండి, ఆ చీలికలే ఎండినాక పీచులాగా పంటికి తగులుతాయి. మందం అన్నిటికీ ఒకటే ఉండాలి, లేకపోతే సగం రాళ్ళు సగం స్పాంజి, ఒకే బ్యాచ్‌లో మీ రెండు తప్పులూ కలిసి వస్తాయి.

మసాలాకి నాలుగు టేబుల్ స్పూన్ల సోయా సాస్, మూడు టేబుల్ స్పూన్ల చిక్కటి చింతపండు గుజ్జు, 30 గ్రాముల బెల్లం, రెండు చెంచాల కారం, ధనియాలు జీలకర్ర వేయించి కొట్టిన పొడి ఒక టేబుల్ స్పూను, చెంచా మిరియాల పొడి, వేయించిన మెంతుల పొడి చిటికెడు, నూనె ఒక్క చెంచా, అర గ్లాసు నీళ్ళు. మామూలుగా అయితే ఆరు రెబ్బలు తెల్లగడ్డ నూరి వేస్తా, మీ గురుస్వామి తెల్లగడ్డ వద్దన్నారంటే ఇంగువ పావు చెంచా వెయ్యండి, తేడా తెలుస్తదిగానీ బాధపడేంత కాదు. ఉప్పు వెయ్యొద్దు, సోయా సాస్‌లో ఉన్నది చాలు, ఎండేకొద్దీ బరువు సగానికి పైగా తగ్గుతది, ఉప్పు మాత్రం అట్టానే ఉంటది, మసాలా దశలో చప్పగా అనిపిస్తేనే చివర్లో సరిగ్గా ఉంటది. బెల్లం తగ్గించుకుందాం అనుకోవద్దు, అది తీపి కోసం కాదు, తేమని పట్టి ఉంచుతది, మెత్తగా సాగేది దాని వల్లే. నూనె మాత్రం ఎక్కువెయ్యొద్దు, నూనె ఎండదు, నిలవుంటే ముక్కిన వాసన కొడతది.

పులుపుకి మన గూడూరు నిమ్మకాయలు ఉండగా చింతపండెందుకు అని నేనూ అనుకున్నా, నాలుగైదుసార్లు చేశా, ఎండినాక నా చేతిలో ప్రతిసారీ చిరుచేదు వచ్చింది. చింతపండుకి ఆ గొడవ లేదు, ఎండేకొద్దీ ఇంకా బాగుంటది, అది వేసి మెంతులు తగిలిస్తే మన చేపల పులుసు వాసన లీలగా వస్తది, అసలు నెల్లూరోళ్ళకి ఆ వాసనొస్తే చాలు సగం కడుపు నిండిపోతది.

ఇవన్నీ బాండ్లిలో పోసి కాగనిచ్చి, చదును చేసిన ముక్కలు వేడి వేడి మసాలాలో వేసి, గరిటెతో అదుముతా తిప్పుతా సన్న సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచండి, రసమంతా లోపలికి పీల్చుకుని బాండ్లి అడుగున తడి కనపడకుండా అవ్వాలి. చల్లగా కలిపి నానేసేదానికంటే ఇట్టా కాచి పట్టించడమే మంచిది, రుచి కోసం కాదు, భద్రత కోసం. ఉడికిన సోయా అంటే చద్దన్నం లాంటిదే, తడిగా గోరువెచ్చగా గంటలకొద్దీ బయటుంటే పాడవుతది. చల్లారినాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి, లోపలిదాకా సమంగా పడతది. పొద్దున తూచండి, 650 నుంచి 680 మధ్య ఉంటది. ఈ అంకె కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించండి.

ఇంక ఎండబెట్టడం. మీ ఓటీజీలో అన్నిటికంటే తక్కువ ఎంతుందో చూడండి, చాలావాటిలో 100 దగ్గర మొదలవుతది, మనకి కావాల్సింది 70 చుట్టుపక్కల. అందుకని 100 మీద పెట్టి తలుపు పూర్తిగా వెయ్యకుండా మధ్యలో ఒక చెక్క గరిటె అడ్డం పెట్టండి, మా ఇంట్లో ఉదయగిరి చెక్క గరిటె ఒకటి ఈ పనికే రిటైర్ అయింది. అట్టా పెడితే వేడి తగ్గుతది, అంతకంటే ముఖ్యం ఆవిరి బయటికి పోతది. తలుపు మూసి ఎండబెట్టడమంటే కుక్కర్లో బట్టలు ఆరేసినట్టు. లోపల ఫ్యాన్ ఉంటే వెయ్యండి. ముక్కల్ని ట్రేలో కాకుండా జాలీ మీద పరవండి, ఒకదానికొకటి తగలకూడదు, కింద ట్రే పెట్టండి మసాలా రాలితే పట్టడానికి. నలభై నిమిషాలకొకసారి తిప్పండి. ఎయిర్ ఫ్రయర్ ఉండి అందులో డీహైడ్రేట్ అనే మోడ్ ఉంటే 65-70 మీద అదీ బాగానే పనిచేస్తది, కాకపోతే బుట్ట చిన్నది, రెండు విడతలు పెట్టాలి.

ఎండలో అంటారా, చేయొచ్చు, కానీ ఇప్పుడు కాదు. మన జిల్లాకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే సరిగ్గా కార్తీకం, మాల, మీకు ఈ తునకలు కావాల్సిన రోజులే ఎండ లేని రోజులు. దేవుడి లెక్క అట్టుంది మరి. ఈ నెలల్లో ఓటీజీనే దిక్కు. మాఘం దాటినాక ఎండేసుకోవచ్చు, అప్పుడు కూడా పచ్చిగా నేరుగా మిద్దె మీద పరవొద్దు, ముందు ఓటీజీలోనో పెనం మీద సన్న సెగనో 500 గ్రాములకి దించి అప్పుడు ఎండకి పెట్టండి, పైన దోమతెర కట్టండి, కాకులకంటే ఈగలు ప్రమాదం. పొద్దున తొమ్మిదిన్నరకి పెట్టి మధ్యాహ్నం రెండింటికల్లా తీసెయ్యండి, ఆ తర్వాత సముద్రపు గాలి మళ్ళుతది, ఎండ కనిపిస్తానే ఉంటది గానీ గాలిలో చెమ్మ పెరుగుతది, ఎండే ముక్క తిరిగి తడి పీలుస్తది. రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ పొద్దున వెయ్యండి. కనిగిరి, మార్కాపురం వైపు వాళ్ళయితే ఏప్రిల్లో ఒక్క రోజులో అయిపోతది, కావలి కొత్తపట్నం మైపాడు వాళ్ళకి రెండ్రోజులు తప్పదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా, ఆ రోజుల్లో అయితే గంట గంటకీ తూచండి, కళ్ళు మూసి తెరిచేలోపు వరుగైపోతది.

మధ్యలో ఒక ముచ్చట. కరెంటు ఖర్చెందుకని మా ఆయన ఒకసారి మే నెలలో ట్రేలు కారు డాష్‌బోర్డు మీద పెట్టి అద్దాలేసి ఎండలో నిలబెట్టాడు. లోపల వేడి బ్రహ్మాండంగా వచ్చింది, ఆవిరికి మాత్రం దారి లేదు, అద్దాల మీద నీళ్ళు కారినాయి, ముక్కలు ఎండలేదు ఉడికినాయి. నెల రోజులు ఆ కారెక్కినోళ్ళందరూ ఏంది ఇంగువ వాసన అని అడిగారు. వేడి ఒక్కటే చాలదు, గాలి ఆడాలి, అంతకంటే నేను చెప్పేది లేదు.

ఎప్పుడు ఆపాలి. ఓటీజీలో రెండు గంటలయినాక మొదటిసారి తూచండి, ఆ తర్వాత అరగంటకొకసారి. 650 దాటి మొదలైంది 400 దాకా చకచకా దిగుతది, అక్కడ్నుంచి నత్తనడక, అక్కడే అందరికీ విసుగొచ్చి సెగ పెంచుతారు, పెంచొద్దు. మొత్తం 300 నుంచి 320 గ్రాముల మధ్యకి రాగానే ఆపెయ్యండి. గుర్తు పెట్టుకోవడానికి తేలిక లెక్క, మొదట తెచ్చిన పొడి మీల్ మేకర్ బరువుకి ఒకటిన్నర రెట్లు. 200 కి 300. ఈ లెక్క నేను చెప్పిన మసాలా కొలతలకే, బెల్లం సాస్ ఎక్కువేస్తే ఆ మేరకి కొంచెం పైనే ఆపాలి. నాకు మూడున్నర గంటలు పడతది, మీ ఓటీజీకి మూడే పట్టొచ్చు నాలుగున్నరా పట్టొచ్చు, అందుకే గడియారం చూడొద్దు కాటా చూడమంటున్నా. వేడి మీద మెత్తగా అనిపిస్తది, ఇంకా కాలేదేమో అనిపిస్తది, కాటా మాటే వినండి, చల్లారినాక బిగుస్తది. చల్లారినాక ఒక ముక్క మధ్యకి వంచితే వంగాలి, వంగిన చోట సన్నగా పీచు లేవాలి, నీళ్ళు ఊరకూడదు, టప్పున విరగకూడదు.

దాని తర్వాత కూడా తొందరపడొద్దు. పూర్తిగా చల్లారినాక పొడి గాజు సీసాలో వదులుగా పోసి మూతపెట్టి ఒక రాత్రి బయటే ఉంచండి. తడి ముక్కల నుంచి ఎండిన వాటికి చెమ్మ సర్దుకుంటది. పొద్దున సీసా లోపల గోడల మీద మసక గానీ చుక్కలు గానీ కనిపిస్తే ఇంకా ఎండలేదని అర్థం, తీసి ఇంకో అరగంట ఓటీజీలో పెట్టండి. మీరు ఈ ఒక్క పని చేసుంటే ఆ బూజు రెండో రోజే తప్పిపోయేది.

పొగ వాసన కావాలంటే దానికీ ఒక సమయం ఉంది. పూర్తిగా ఎండినాక పొగ పట్టదు, పచ్చిగా ఉన్నప్పుడు పడితే చేదు, సగం ఎండి వేలికి జిగురుగా అంటుకుంటున్నప్పుడు, అంటే 450 దగ్గర, తీసి పెద్ద గిన్నెలో వేసి మధ్యలో చిన్న గిన్నె పెట్టి అందులో ఎర్రగా కాలిన కొబ్బరి చిప్ప బొగ్గు వేసి నెయ్యి నాలుగు చుక్కలు పోసి మూత పెట్టండి, ఐదు నిమిషాలు చాలు. ఇదంతా ఎందుకులే అనుకుంటే మసాలా కాచేటప్పుడు ఒక నల్ల ఏలక్కాయ చితకొట్టి వెయ్యండి, వాటిని మంట పొగ మీదే ఎండబెడతారు, పొగ వాసన అందులోనే ఉంటది. ఆన్‌లైన్లో అమ్మే లిక్విడ్ స్మోక్ నేను ఒకసారి వాడా, ఒక్క చుక్క ఎక్కువైతే టైరు కాల్చినట్టుంటది.

నిలవ గురించి నిజం చెప్తా, వీడియోల్లో నెలలకొద్దీ ఉంటదంటారు, ఫ్యాక్టరీ ప్యాకెట్లో ఆక్సిజన్ లేకుండా సీల్ చేస్తారు కాబట్టి ఉంటది. ఇంట్లో చేసింది ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు, డీప్ ఫ్రీజర్లో మూడు నెలలు, బయట మన ఉక్కకి నాలుగు రోజులు, అంతే లెక్కేసుకోండి. బూజు కనపడితే ఆ ముక్క తీసేసి మిగతావి తింటా అనొద్దు, మొత్తం పారెయ్యండి. ఏడాదంతా ఉండాలంటే వేసవిలో 260 గ్రాముల దాకా, అంటే పూర్తి వరుగులాగా ఎండేసి సీసాలో పెట్టి, కార్తీకంలో కావాల్సినప్పుడు ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి పట్టి పెనం మీద అటూ ఇటూ తిప్పుకోవడమే. తాజాదాని సొగసు రాదు, కానీ వానలో ఓటీజీ ముందు కూర్చునే పని తప్పుతది, వచ్చే ఏడాదికి అట్టా చేసుకోండి.

తినేవాళ్ళ సంగతి. 30 గ్రాముల తునకల్లో పది గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటది, ఉప్పు కూడా ఒక గ్రాము ఉంటది, రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటొద్దంటారు కాబట్టి బీపీ వాళ్ళు సీసా ముందేసుకుని కూర్చోవద్దు, మా ఆయనకి నేను నాలుగు ముక్కలు లెక్కపెట్టి ఇస్తా. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటా ఉంటే మాత్రకీ సోయాకీ మధ్య నాలుగ్గంటలు ఎడం ఉండాలి, లేకపోతే మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. సోయా సాస్‌లో గోధుమ ఉంటది, అది పడని వాళ్ళకి సాస్ మానేసి ఉప్పు రెండు చెంచాలకి కొంచెం తక్కువ, ఎండు పుట్టగొడుగుల పొడి ఒక చెంచా వేసి చెయ్యొచ్చు.

చివరగా రైలు. దారికి తీసుకుపోయేది మాత్రం 300 దగ్గర కాకుండా 280 దాకా ఎండేయండి, కొంచెం గట్టిగా ఉంటది, అయినా పళ్ళు గట్టివేగా. ప్రయాణం ముందు రోజు ఫ్రిజ్‌లోంచి తీసి సీసా మూత తెరవకుండానే రెండు గంటలు బయట ఉంచండి, చల్లగా ఉండగా తెరిస్తే గాలిలో చెమ్మంతా ముక్కలకి పడతది. ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, స్టీలు డబ్బాలో అడుగున టిష్యూ కాగితం పరిచి పూటకి సరిపడా చిన్న చిన్న కాగితం పొట్లాలు కట్టి పెట్టండి, ఒక పొట్లం తెరిచినా మిగతావాటికి గాలి తగలదు. నాలుగు రోజుల్లోపు తినెయ్యండి, తిరుగు ప్రయాణానికి దాచొద్దు. దాచాల్సిన అవసరం రాదులెండి, పక్క సీటు స్వాములకి రుచి చూపించారంటే గూడూరు దాటి రేణిగుంట రాకముందే డబ్బా ఖాళీ అవుతది, అందుకని 200 గ్రాములు కాదు, 400 పెట్టి చెయ్యండి, మసాలా కూడా రెట్టింపు, ఓటీజీలో మాత్రం రెండు విడతలుగా.